సగం కటింగ్

చలవమ్మ అన్నది అసలు పేరు కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. పిల్ల ఏ కొమ్మ గుచ్చినా చిగురేస్తోందని, ఏ గింజ పాతినా మొలకొస్తోందని ముసలామె మురిసిపోయి, "దీనిది చలవ చెయ్యే తల్లీ" అని కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ మాట వీధంతా పాకింది. ఎవరు మొక్క తెచ్చుకున్నా, "మీ పిల్లని ఓసారి పంపండమ్మా, దాని చేత్తో పెట్టిస్తాం" అని కబురు పంపేవాళ్ళు. పిల్ల వెళ్ళేది, మట్టిలో మొక్క నిలబెట్టి రెండు చేతులతో అదిమి వచ్చేది. పెద్ద చదువా, లేదు. పాటా, రాదు. అందమా, అంతంత మాత్రం. ఆ అమ్మాయికి నలుగురిలో చెప్పుకోడానికి ఉన్నదల్లా ఆ చెయ్యే. ఆ చేతి మీద పడ్డ నింద గురించే ఇదంతా. ఓ పువ్వుల తీగకి ఇంత రామాయణం ఎందుకని అనుకునేవాళ్ళు అనుకోండి. అలా అనుకునేవాళ్ళ మధ్యే ఆవిడ బతుకంతా గడిచింది.

పుట్టింట్లో పెరటి గోడ మీద క్లెమాటిస్ అనే పూలతీగ ఉండేది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు నాటారో ఎవరికీ గుర్తు లేదు. చలికాలం అంతా ఎండిపోయిన పురికొసల్లా వేలాడుతూ, ఇక చచ్చింది పొమ్మన్నట్టుండేది. చలి విరగ్గానే కణుపు కణుపునా జంటలు జంటలుగా మొగ్గలు తొడిగి, గోడన్నది కనబడకుండా పూసేసేది. నాలుగే రేకులు, లేత గులాబి రంగు, మధ్యలో పసుప్పచ్చ కేసరాలు, దగ్గరికెళ్తే సన్నటి తియ్యటి వాసన. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. భక్తితో కాదు, తీరిక లేక.

పెళ్ళి కుదిరాక చలవమ్మ ఓ పొడుగాటి తీగని నేలకి వంచి, కణుపు దగ్గర గోటితో కాస్త గీరి, కుండీ మట్టిలో అదిమి, లేవకుండా పైన రాయి పెట్టింది. పెళ్ళినాటికి అది వేళ్ళు పట్టింది. తల్లి తీగ నుంచి కోసి వేరుచేసి, ఆ కుండీని ఒళ్ళో పెట్టుకుని మరీ అత్తారింటికి వచ్చింది. పెట్టెలూ బిందెలూ వెనకాల వస్తాయో రావో అన్న దిగులు లేదు ఆవిడకి. కుండీ ఎక్కడ ఒరుగుతుందో అన్నదే దిగులు.

మొగుడు సెలూన్ మాస్టారు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఓ పూల కర్టెను. షాపులో ఎదురెదురుగా అద్దాలు, పైకీ కిందికీ తిరిగే రెండు కుర్చీలు, గోడకి ఓ బెంచీ, బెంచీ మీద పొద్దస్తమానం కబుర్లు చెప్పేవాళ్ళు. కర్టెనుకి ఇవతల ఆవిడ వంట. అవతల ఏం మాట్లాడుకున్నా గిన్నెలో కూర ఉడికే చప్పుడుతో పాటు వినబడాల్సిందే. షాపు తెరిచి ఉన్నంతసేపూ ఇంటి ఆడవాళ్ళు కర్టెను దాటకూడదని అత్తగారి రోజుల నుంచీ కట్టడి. చలవమ్మ దాటేది కాదు.

పెరడంటే పెద్ద పెరడేం కాదు. బట్టలుతికే బండ, దాని పక్కన నీళ్ళ తొట్టి, వెనక ఓ ఎత్తు గోడ. ఈ తీగకి కాళ్ళు నీడలో ఉండాలి, తల ఎండలో ఉండాలి. అందుకని బండ చాటున, ఎండ తగలని మూల గొయ్యి తీసి, కుండీలో ఉన్నదానికంటే లోతుగా నాటింది. మొదలు చుట్టూ పగిలిన పెంకులు పేర్చి చల్లగా ఉంచింది. ఈ తీగకి మల్లెతీగలా కాండం మెలిపెట్టుకుని పాకడం రాదు. ఆకు కాడతోనే దేన్నైనా చుట్టి పట్టుకుంటుంది. సన్నటి ఆసరా ఉంటేనే దానికి పట్టు దొరుకుతుంది. గోడకి మేకులు కొట్టి దారాలు కట్టింది. షాపులో ఊడ్చిన జుట్టు పారబోయకుండా తెచ్చి మొదట్లో పాతేది. మట్టిలో జుట్టు మెల్లిగా చివికి మంచి ఎరువవుతుంది. ఊరి మగవాళ్ళ తలలన్నీ ఆ తీగకే పోయాయని బెంచీ మీద వాళ్ళు నవ్వేవాళ్ళు.

మాస్టారు చెడ్డవాడేం కాదు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకోవచ్చు. తాగడు, చెయ్యి చేసుకోడు, ఇంట్లో తిండికి లోటు చెయ్యలేదు. కాకపోతే ఇంటి పనంటే పూచికపుల్ల ఎత్తి అవతల పెట్టే రకం కాదు. ఒక్క పని తప్ప. ఆ ఒక్క పనే ఆవిడ కొంప ముంచింది.

చలి చివర్లో, షాపు సెలవు రోజున, పొద్దున్నే ఆప్రాను కట్టుకుని, షాపు కత్తెర తీసుకుని, స్టూలు పట్టుకుని పెరట్లోకి వచ్చేవాడు. ఎండినట్టు వేలాడే తీగల్ని చూసి, "ఏంటే ఇది, పిచ్చివాడి జుట్టులా!" అని మొదలుపెట్టేవాడు. మోకాలెత్తున ఓ వరస చూసుకుని, స్టూలెక్కి గోడ పైనుంచి ఆ వరస దాకా అంతా కచకచా కోసేసేవాడు. దువ్వెనొక్కటే తక్కువ! అయ్యాక రెండడుగులు వెనక్కేసి, తల పక్కకి వంచి, కుర్చీలో కూర్చున్నవాడి మెడ చూసుకున్నట్టు చూసుకుని, "ఇప్పుడు నీటుగా ఉంది" అనేవాడు.

మొదటి ఏడు చలవమ్మ అంది కూడా. "మా ఇంట్లో దాన్ని కోసేవాళ్ళు కాదండీ."

"అందుకే మీ ఇంటి గోడ అడవిలా ఉండేది" అని ఆయన పకపకా నవ్వాడు. "కత్తిరిస్తేనే ఒత్తుగా వస్తుందే పిచ్చిదానా. నా చేతికింద ఎన్ని తలలు తయారయ్యాయో తెలుసా నీకు?"

అదీ ఆయన వేదం. పల్చటి జుట్టు పిల్లల్ని తెచ్చిన తల్లులకీ అదే చెప్పేవాడు, మీసం మొలవని కుర్రాళ్ళకీ అదే చెప్పేవాడు. కొత్తగా పెళ్ళయిన పిల్ల, మొగుడు తన తీగ కోసం సెలవు పాడుచేసుకుంటున్నాడు, ఇంకేం అంటుంది? పైగా ఆవిడకి ముచ్చటగా ఉండేది, నిజం చెప్పాలి. స్టూలు కదలకుండా పట్టుకుని, రాలినవి ఏరుతూ, "ఇటు కొంచెం ఎక్కువైందండీ" అని సరసాలాడేది. ఆయన ఆవిడ కోసం మనసుపెట్టి చేసే పని సంవత్సరానికి అదొక్కటే.

మరి ఆయన మాట అబద్ధం కాలేదు. కోసిన నెలకల్లా తీగ బుసబుసా లేచేది. వానలనాటికి గోడ దాటేది. ఆకు, ఆకు, ఆకు! ఎటు చూసినా పచ్చదనమే. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. మరుసటేడు కూడా లేదు. ఆ మరుసటేడూ లేదు. చలవమ్మ పెంకులు మార్చింది, బూడిద చల్లింది, కూరగాయలు కడిగిన నీళ్ళన్నీ దానికే పోసింది, ఎవరూ చూడకుండా దాన్ని బతిమాలుకుంది. ఊహు.

ఓ రోజు షాపులో పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన గడ్డం చేయించుకుంటూ అడిగాడు. "మీ పెరటి గోడ మీద అంత పచ్చగా ఉంది, పువ్వన్నది కనబడదేం మాస్టారూ?"

"నా కటింగులో లోపం లేదు పెద్దాయనా" అన్నాడు మాస్టారు. "పెట్టిన చెయ్యి అలాంటిది!"

బెంచీ బెంచీ అంతా గొల్లుమంది. పెద్దాయన నురగ మొహంతో నవ్వబోయి గాటు పడేదే. కర్టెను ఇవతల చలవమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఏదో సరదాకి అన్నారులే అనుకుంది. నిజమే, సరదాకే అన్నాడు. కానీ చతురు పండాక మంగలి కుర్చీ దగ్గర దాన్ని వదిలేవాడెవడు? మర్నాడు ఇంకొకరికి చెప్పాడు. ఆ వారంలో ఇంకో పది మందికి చెప్పాడు. "మా ఆవిడ పేరేమో చలవమ్మ, పెట్టిందేమో గొడ్డు తీగ" అని ఓ తోక కూడా తగిలించాడు. పౌడరు అద్ది, అద్దం వెనక పెట్టి చూపించి, ఆ మాట అని పంపించడం షాపులో మామూలైపోయింది.

మాట షాపులో ఉండిపోతుందా? మగవాళ్ళు ఇళ్ళకి మోసుకెళ్ళారు. ఇస్త్రీ బండి ఆవిడ వెనక ఇంట్లోనే ఉండేది, ఏం నాటినా ముందు చలవమ్మని కేకేసేది. ఆవిడ కూడా పిలవడం మానేసింది. ఓ రోజు చలవమ్మ గోడ మీంచి చూస్తే టమాటా నారు నాటుకుంటోంది. "పిలిస్తే వచ్చేదాన్నిగా వదినా" అంటే, "నీకెందుకులే శ్రమ" అని తల ఎత్తకుండా అంది. ఆ తల ఎత్తకపోవడం ఉంది చూశారూ, అది చలవమ్మకి గుచ్చుకుంది. ఆ తర్వాత తనంతట తానే చేతులు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరింటికెళ్ళినా మొక్కల దగ్గరికి వెళ్ళేది కాదు.

ఒక్కతే కూతురు. ఆ చతురు వింటూనే పెరిగింది. పాలు తోడుకోకపోయినా, "అమ్మ చెయ్యి కదా!" అని నవ్వేది. పిల్ల మనసులో కల్మషం లేదు, నాన్న జోకు, అంతే. పెళ్ళయింది, కొన్నాళ్ళకి వాళ్ళు ఇంటి ముందు కాస్త జాగా ఉన్న కొత్త ఇంట్లోకి మారారు. ఆ రోజు చలవమ్మ పుట్టింటినుంచి తెచ్చినట్టే తీగకి అంటు కట్టి, కుండీ మోసుకుంటూ వెళ్ళింది. ఇంటినిండా మనుషులు. గుమ్మం పక్కన గొయ్యి తీసి ఉంది. చలవమ్మ చెంగు దోపుకుని వంగబోయింది.

"అమ్మా, అమ్మా, నువ్వాగు!" కూతురు నవ్వుతూ వచ్చి రెక్క పట్టుకుంది. "కొత్త ఇల్లే తల్లీ. మా అత్తగారి చేత పెట్టిస్తాలే. అత్తయ్యా, ఓసారి రండి!"

అందరూ నవ్వారు. మాస్టారు అందరికంటే గట్టిగా నవ్వాడు. వియ్యపురాలు వచ్చి, ఓ గులాబీ మొక్క తీసుకుని ఆ గోతిలో పెట్టింది. తీగ కుండీ నీళ్ళ కుళాయి పక్కన ఉండిపోయి, నెల తిరక్కుండా ఎండిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చాక చలవమ్మ బండ మీద కూర్చుని తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. ఏముందీ చేతుల్లో? ఏం పాపం చేశాయి? చిన్నప్పుడు వీధంతా పిలిపించుకున్న చేతులు ఇవి కావా? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. నిజంగానే పోయిందేమో అనుకుంది. అలా అనుకున్న రోజే ఆవిడ సగం చచ్చిపోయింది.

ఇలా ఉండగా ఓ ఏడు చలి చివర్లో మాస్టారు మామూలుగానే స్టూలు వేసుకుని కటింగు మొదలుపెట్టాడు. వయసు మీద పడుతోంది, అయినా హుషారు తగ్గలేదు. ఎడమ వైపునుంచి కోసుకుంటూ సరిగ్గా గోడ సగానికి వచ్చాడు. తడి నేల మీద స్టూలు కాలు జారింది. దబ్బున పడ్డాడు. మణికట్టు విరిగింది, అదీ కుడి చెయ్యి.

ఇక ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పక్కర్లేదు. పిండికట్టు, నొప్పులు, షాపు మూత, ఆయన చిరాకులు. అన్నం కలిపి పెట్టడం దగ్గర్నుంచి చొక్కా గుండీల దాకా అన్నీ చలవమ్మే. కొన్నాళ్ళకి పక్క వీధి సెలూన్ ఆయన వచ్చి ఓ పూట షాపు చూసుకునే ఏర్పాటయింది. తీగ సంగతి ఎవడికి గుర్తుంది? ఎడమ సగం మోకాలెత్తున నీటుగా, కుడి సగం చింపిరిగా అలాగే ఉండిపోయింది. ఇస్త్రీ ఆవిడ గోడ మీంచి చూసి, "సగం కటింగులో పారిపోయిన పిల్లాడిలా ఉందే!" అంది.

చలి విరిగింది. ఓ పొద్దున చలవమ్మ తడిబట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వచ్చి, తలెత్తి, అలా నిలబడిపోయింది.

పూసింది.

కణుపు కణుపునా పూసింది. లేత గులాబి, నాలుగు రేకులు, అవే పసుప్పచ్చ కేసరాలు. "ఓసి నా తల్లీ!" అని గట్టిగానే అంది. కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి. తడిబట్ట భుజం మీద నీళ్ళోడుతున్నా తెలియలేదు. దగ్గరికెళ్ళి వాసన చూసింది. పుట్టిల్లు, నాయనమ్మ, వీధిలో పిలుపులు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఇన్నేళ్ళకి!

ఆ తర్వాత రెండడుగులు వెనక్కేసింది. అప్పుడు కనబడింది.

కుడి సగమే పూసింది. ఎడమ సగంలో కొత్త చిగుళ్ళు పచ్చగా లేస్తున్నాయి, మొగ్గన్నది లేదు. గోడ మధ్యలో చాకుతో కోసినట్టు గీత. గీతకి ఇటు పువ్వులు, అటు ఆకులు. మాస్టారు ఎక్కడ పడ్డాడో సరిగ్గా అక్కడ. ఒకటే వేరు, ఒకటే ఎరువు, ఒకటే ఎండ, పెట్టింది ఒకటే చెయ్యి. తేడా అల్లా కత్తెరే.

పువ్వు పూసేది పోయినేడు పెరిగిన తీగ మీద. ఆ తీగనే ఏటేటా కోసి పారేస్తే ఇంకెక్కడ పూస్తుంది? ప్రతి ఏడూ అది పూయడానికి సిద్ధమైంది. ప్రతి ఏడూ ఆయన వచ్చి నీటుగా కోశాడు. తను స్టూలు పట్టుకుంది. చలవమ్మ బండ మీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళంతా మంటెత్తిపోయింది. ఎన్నేళ్ళు! ఎన్ని నవ్వులు! కూతురి గుమ్మం ముందు ఆ గొయ్యి!

లోపలికెళ్ళి, "ఏమండీ, ఓసారి రండి" అంది.

మాస్టారు పిండికట్టు చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చాడు. చూశాడు. చూపు కుడి నుంచి ఎడమకి వెళ్ళి, గీత దగ్గర ఆగి, నేల మీద స్టూలు పడ్డ చోటికి దిగింది. అర్థమైంది. ఆయనకి అర్థమైందని ఆవిడకి అర్థమైంది. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురుచూసింది.

"ఆ సగానికి ఎండ బాగా తగిలినట్టుంది" అని ఆయన లోపలికెళ్ళిపోయాడు.

చలవమ్మ కోరింది పెద్దదేం కాదు. క్షమాపణలు అక్కర్లేదు, కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. ఆ షాపులో, ఆ అద్దాల ముందే, ఆ బెంచీ వింటుండగా ఒక్క మాట అనాలి. 'మా ఆవిడ చెయ్యి మంచిదేనయ్యా, తప్పు నా కత్తెరది' అని. ఎన్ని వందలసార్లో ఆ చతురు చెప్పిన నోటితో ఒక్కసారి ఈ మాట చెబితే చాలు, మిగతాది బెంచీయే ఊరంతా మోస్తుంది. దానికోసం ఆ పువ్వులున్నన్ని రోజులూ కర్టెను ఇవతల చెవులు రిక్కించుకుని నిలబడింది.

ఏమన్నాడనుకున్నారు? జనాన్ని పెరట్లోకి తీసుకొచ్చి మరీ చూపించాడు! "ఇన్నేళ్ళు కత్తిరించి కత్తిరించి ఒత్తు తెప్పించాను, ఇప్పటికి పూతకొచ్చింది" అన్నాడు. "మన షాపు జుట్టు ఎరువు, మరేమనుకున్నారు" అన్నాడు. పోస్టాఫీసు పెద్దాయన, "సగమే పూసిందేం మాస్టారూ?" అంటే, "ఎండ" అన్నాడు. ఎండట! కూతురు వచ్చింది, తండ్రిని తీగ ముందు నిలబెట్టి ఫోటోలు తీసింది, నాన్న పెంచిన తీగ అని చుట్టాలందరికీ పంపింది. తల్లి చెయ్యి సంగతి ఆ పిల్లకి తట్టనే లేదు. చలవమ్మ అందరికీ టీలు పెట్టింది. పెట్టి, ఆ సాయంత్రం ఓ పూల తీగని కిందికి వంచి, కుండీలో అదిమి, మీద రాయి పెట్టింది.

ఏడు తిరిగింది. చలి చివరికి వచ్చింది. మాస్టారు చెయ్యి బాగైంది, షాపు మళ్ళీ ఆయనదే. చలవమ్మ ముందే చెప్పింది, మొహంలోకి చూస్తూ చెప్పింది. "ఈసారి తీగని ముట్టుకోకండి."

"సర్లే, సర్లే" అన్నాడు.

ఆవిడ ఓ పొద్దున మార్కెట్టుకెళ్ళి సంచీతో వచ్చేసరికి పెరట్లో నేలంతా తీగలు. ఎడమ, కుడి, మొత్తం మోకాలెత్తున నీటుగా ఉంది. స్టూలు కడిగి గోడకి ఆనించి ఉంది. ఎందుకు కోశాడో ఆయన్నడగాలి. నన్నడిగితే, పూస్తే పేచీ కదా అంటాను. ఈసారి గోడంతా పూస్తే, కోసినన్నాళ్ళూ పూయలేదు, కోయనప్పుడే పూసిందేమని ఏదో ఓ రోజు బెంచీ మీద ఎవడో ఒకడు అనకపోడు. గోడంతా ఆకైతే ఏ గొడవా లేదు. చతురు పాతదే, నవ్వులు పాతవే, షాపు హాయిగా నడుస్తుంది.

సంచీ ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు. కింద పడ్డ తీగల్ని రెండు చేతులా పోగుచేసి, కావలించుకుని, కర్టెను తోసుకుని షాపులోకి నడిచింది. పెళ్ళయి వచ్చాక షాపు వేళలో ఆ కర్టెను దాటడం అదే మొదలు. కుర్చీలో పోస్టాఫీసు పెద్దాయన, బెంచీ నిండా జనం. తీగల్ని అద్దం ముందు బల్ల మీద, దువ్వెనల మీద, పౌడరు డబ్బా మీద కుమ్మరించింది.

"చూడండి" అంది. ఓ కణుపు దగ్గర ఉబ్బిన మొగ్గని గిల్లి, గోటితో చీల్చి, అరచేతిలో పెట్టి పెద్దాయన ముందు చాపింది. లోపల మడతలు మడతలుగా, ఇంకా రంగెక్కని రేకులు. "ఇవీ పువ్వులు. ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి. ప్రతి ఏడూ ఈయనే కోసి పారేశాడు. పోయినేడు చెయ్యి విరిగి సగం వదిలేస్తే ఆ సగం పూసింది. నా చెయ్యి మంచిదే. నా చేతిలో ఏ దోషమూ లేదు. ఇన్నేళ్ళూ మీరంతా నవ్వారు. ఇప్పుడు చెప్పమనండి ఈయన్ని!"

అందరూ మాస్టారు వంక చూశారు. ఆయన కత్తెర పట్టుకుని, మొగ్గ వంకా, అద్దంలో తన మొహం వంకా చూశాడు. ఒక్క క్షణం, ఆ మాట ఆయన నోటి దాకా వచ్చింది. చలవమ్మ చూసింది, ఒట్టు, వచ్చింది.

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే!" అన్నాడు.

బెంచీ మీద ఎవరో ఊపిరి వదిలారు. "అవునమ్మా" అన్నాడు పెద్దాయన, మెడకి గుడ్డతో, మెల్లిగా, మంచికే. "మగాడికేం తెలుస్తుంది చెట్ల సంగతి? నువ్వన్నా చెప్పాల్సింది."

"చెప్పాను. వచ్చిన ఏడే చెప్పాను. మా ఇంట్లో కోసేవాళ్ళు కాదన్నాను."

"ఎప్పుడూ?" మాస్టారు బెంచీ వైపు తిరిగి చేతులు చాపాడు. "నాకైతే గుర్తులేదు. విన్నారా? తెలిసుండి ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చుందట! పైగా స్టూలు పట్టుకుంది కూడాను!"

ఇక ఆపేదెవరు? నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. పాత చతురుకంటే కొత్తది బాగుంది మరి. "ఓ పువ్వు కోసం కాపురంలో గొడవలెందుకమ్మా" అని ఎవరో సర్దిచెప్పారు. మాస్టారు బల్ల మీద తీగల్ని ముంజేత్తో కిందికి తోసి, దువ్వెన దులుపుకుని, కత్తెర టకటకలాడించాడు. చలవమ్మ కర్టెను ఇవతలికి వచ్చేసింది. చేతిలో మొగ్గ ఇంకా ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుంది.

ఆ వారంలోనే కూతురు ఫోను చేసింది. "నాన్న చెప్పారమ్మా. కోయకూడదని నీకు తెలుసటగా? చెప్పకుండా భలేదానివే!" అని నవ్వి, అంతలోనే, "పోనీలే, అయితే నీ చెయ్యి మంచిదేనన్నమాట. మా గులాబీ పోయిందమ్మా. ఆ గొయ్యి ఖాళీగా ఉంది. ఓ అంటు పట్రా, ఈసారి నువ్వే పెడుదువుగాని" అంది.

ఈసారి నువ్వే. ఎన్నాళ్ళనుంచి ఎదురుచూసిన మాట! అంటు కుండీలో వేళ్ళు పట్టి సిద్ధంగానే ఉంది, కత్తెరకి దొరకకుండా నీళ్ళ తొట్టి వెనక దాచింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. కూతురు గొయ్యి తవ్వించి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి ఉంచింది. పిల్ల నిజంగానే ప్రేమగా, "రా అమ్మా" అని తన చేత్తో చెంగు దోపింది.

చలవమ్మ గోతి పక్కన గొంతుక్కూర్చుంది. కుండీ తిరగేసి తట్టి, మట్టిముద్దతో సహా మొక్కని అరచేతుల్లోకి తీసుకుంది. తెల్లటి వేళ్ళు దిట్టంగా ఉన్నాయి. ఇంకేముంది, దింపి అదమడమే. తన చేతిలో ఏ దోషమూ లేదని ఆవిడకి తెలుసు, కళ్ళారా చూసింది, పదిమందిలో అరిచి చెప్పింది. అయినా చేతులు కిందికి దిగలేదు. కొత్త ఇల్లు. పిల్లలు గలవాళ్ళు. ఏమో! ఒకవేళ పూయకపోతే? అన్నేళ్ళు విన్న మాట లోపలెక్కడో కూర్చుని ఉంది. దాన్ని కోసే కత్తెర లేదు.

"ఏంటమ్మా, పెట్టు" అంది కూతురు.

"మీ అత్తగారిని పిలవ్వే" అంది చలవమ్మ. "ఆవిడ చేత పెట్టిద్దాం. నా చెయ్యి ఎందుకులే."